సోఫా చెప్పిన అంకె

నవ్వించడానికే మొదలుపెడుతున్నాను గానీ, చివర్లో మీకు నవ్వు రాకపోతే నేనేమీ అనుకోను. నా మూలంగా ఒక కుర్రాడు చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన రోజు ఒక్క నిమిషంలో చేజారిపోయింది. నిమిషానికి అరవై సెకన్లు కదా, అందులో నలభై సెకన్లు మేము మా అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. మిగిలిన ఇరవై సెకన్లలో ఏం జరిగిందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక బేస్‌బాల్ క్లబ్బులో డేటా అనలిస్టుని. క్లబ్బు పేరు చెప్పను, నా వల్ల వాళ్లకి జరిగింది చాలు. బేస్‌బాల్ గురించి తెలియనివాళ్లు కంగారు పడనక్కర్లేదు, నాకూ అప్పట్లో అంతంతమాత్రమే తెలుసు. నన్ను తీసుకున్నది ఎక్సెల్ షీట్లు బాగా చేస్తానని. ఉద్యోగం దొరికిన రోజు మా ఊళ్లో అందరికీ 'క్రీడారంగంలో ఉన్నాను' అని చెప్పుకున్నాను. మా మేనమామ నేను ఆడుతున్నాననుకుని, టీవీలో ఎప్పుడు కనిపిస్తావని చాన్నాళ్లు అడిగాడు.

మా పని ఏమిటంటే, ఏటా వేసవిలో కాలేజీల్లో, హైస్కూళ్లలో ఆడే కుర్రాళ్లని క్లబ్బులన్నీ వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఎంచుకున్న కుర్రాడు సంతకం పెట్టినందుకు ఒకేసారి కొంత సొమ్ము ఇస్తారు, అది సైనింగ్ బోనస్. మొదటి పది రౌండ్లలో తీసుకున్నవాళ్లందరికీ కలిపి ఇంతకు మించి ఇవ్వకూడదని ప్రతి క్లబ్బుకీ ఒక హద్దు ఉంటుంది, దాటితే జరిమానా. పెళ్లి భోజనాలు నడిపించినవాళ్లకి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. స్వీట్ల దగ్గర మిగిలిస్తేనే బిర్యానీలో ముక్కలు పెరుగుతాయి. ఒకడు తక్కువకి ఒప్పుకుంటే, ఆ మిగులు తీసుకెళ్లి ఎక్కువ అడిగే ఇంకొకడి మీద పెట్టొచ్చు. అందుకని డ్రాఫ్ట్‌కి ముందే ప్రతి ఇంటికీ వెళ్లి 'మీవాడు ఎంతకి సంతకం పెడతాడు' అని అడిగి రావాలి. వాళ్లు చెప్పిన అంకెని షీట్‌లో ఎక్కించాలి. అంకె లేకపోతే వాడు ఎంత గొప్పగా ఆడినా మాకు లేనట్టే.

ఆ ఏడాది మా జాబితాలో జోయెల్ అని ఒక కుర్రాడున్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు, ఒక చిన్న కాలేజీలో మూడో సంవత్సరం, బంతి విసిరేవాడు. ఆ కాలేజీ ఎవరి కంటికీ ఆనదు కాబట్టి ఊరూరా తిరిగి ఆటగాళ్లని వెతికే మా స్కౌట్ తప్ప ఇంకే క్లబ్బువాడూ అతన్ని చూసిన పాపాన పోలేదు. ఇల్లు ఇల్లినాయి రాష్ట్రంలో, నేపర్‌విల్‌లో. తండ్రి సామ్యేల్ గారు తెనాలి వైపు నుంచి వచ్చినాయన, ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, అక్కడి తెలుగు చర్చిలో పెద్ద. ఆయన కొడుకుతో ఒక మాట అనుకున్నారు. ఈ వేసవి ఒక్కటే. డ్రాఫ్ట్‌లో పేరు వస్తే ఆటలోకి వెళ్లొచ్చు, రాకపోతే బంతి పక్కన పెట్టి ఫార్మసీ చదవాలి. కొడుకు సరేనన్నాడు. ఆ ఇంట్లో మాటంటే మాటే. అంటే, నేను తేవాల్సిన ఆ ఒక్క అంకె మీద ఆ కుర్రాడి ఆటంతా ఆధారపడి ఉంది.

మా స్కౌట్ మూడుసార్లు వెళ్లాడు. డబ్బు మాట ఎత్తినప్పుడల్లా సామ్యేల్ గారు "ప్రార్థన చేసుకుని చెబుతాం" అని కాఫీ ఇచ్చి పంపేవారు. చివరికి మా డ్రాఫ్ట్ డైరెక్టర్ డాన్ నన్ను పిలిచాడు. డాన్ మాట్లాడేది ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను.

"నువ్వు తెలుగువాడివి, ఆయన తెలుగువాడు. వెళ్లు. భోజనం పెడితే తిను. కానీ అంకె లేకుండా బయటికి రావద్దు."

"అంతేనా? పది నిమిషాల పని," అన్నాను.

ఈ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తూ ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం కొత్త టై కట్టుకుని బయలుదేరాను. భోజనానికి టై ఎందుకని అడక్కండి. వాకిట్లో ఒక పాత మినీవ్యాన్ ఉంది, దాని వెనక బంపర్ టేపుతో నిలబడింది. తలుపు తీయగానే సామ్యేల్ గారు రెండు చేతులూ పట్టుకున్నారు.

"వందనాలు బాబూ. రా, లోపలికి రా. అమ్మా నాన్నా బాగున్నారా?"

"నాన్న బాగున్నారంకుల్. అమ్మకే మోకాళ్ల నొప్పులు."

"అయ్యో. ఏ మోకాలు?"

"రెండూనండి."

నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు దానికి ఇంకా అలాగే ఉంది, కూర్చుంటే చప్పుడు, కదిలితే ఇంకా పెద్ద చప్పుడు. జోయెల్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆరడుగుల పైన ఉంటాడు, మోచేతికి ఐస్ ప్యాక్ కట్టుకుని ఉన్నాడు. "హాయ్ అంకుల్," అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లకే అంకుల్ అనిపించుకున్న బాధలో నేను అతని మొహం కూడా సరిగ్గా చూడలేదు.

జేబులో చీటీ ఉంది, అందులో అడగాల్సిన ప్రశ్న ఇంగ్లీషులో, తెలుగులో, రెండు రకాలుగా రాసుకుని వచ్చాను. గొంతు సవరించుకునేలోపే గ్రేస్ ఆంటీ భోజనానికి పిలిచారు. బల్ల చుట్టూ నిలబడ్డాం. సామ్యేల్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అన్నానికి స్తోత్రం చెప్పారు, ఇంటికొచ్చిన నన్ను దీవించమన్నారు. ఆ తర్వాత, "ప్రభువా, ఈ బిడ్డ తల్లి మోకాళ్లను ముట్టి స్వస్థపరచండి" అన్నారు. కుడి మోకాలికొకసారి, ఎడమ మోకాలికొకసారి.

మీరే చెప్పండి. కన్నతల్లి రెండు మోకాళ్లకీ విడివిడిగా ప్రార్థన చేసిన మనిషిని, పళ్లెం ముందు కూర్చుని, 'మీ అబ్బాయిని ఎంతకిస్తారండీ' అని ఎలా అడగాలి? డాన్ అయితే అడిగేవాడు. డాన్‌కి మోకాళ్ల గురించి ఎవరూ ప్రార్థన చెయ్యలేదు.

అయినా ప్రయత్నించలేదని అనకండి. కోడికూర రెండోసారి వడ్డిస్తున్నప్పుడు మొదలుపెట్టాను.

"అంకుల్, అదీ... డ్రాఫ్ట్ విషయం..."

"ముందు తిను బాబూ. విషయాలు ఎక్కడికి పోతాయి?"

"అంటే మా ఆఫీసులో ఒక చిన్న డీటెయిల్..."

"ఏంటి బాబూ అలా కెలుకుతున్నావ్?" అన్నారు ఆంటీ. "కారం ఎక్కువైందా? పెరుగెయ్యనా?"

పెరుగు వేశారు. పెరుగన్నంలో డబ్బు మాట కలపడం నాకు చేతకాలేదు. అన్నేళ్లు షీట్లతో బతికినవాణ్ణి, రెండు పదాలు నోట్లోంచి రాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ల ముందు డబ్బు మాట ఎత్తితే నాన్న ఒక చూపు చూసేవారు. ఇల్లినాయిలో, టై కట్టుకుని, జీతం తీసుకుంటూ కూడా నేను ఆ చూపుకే భయపడుతున్నాను.

బయలుదేరుతుంటే ఆంటీ గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టిచ్చారు. సామ్యేల్ గారు కారు దాకా వచ్చారు. నేను లోపల కూర్చున్నాక కూడా తలుపు పట్టుకునే ఉన్నారు.

"ఇంకేమైనా మాట్లాడాలా బాబూ?"

"ఏం లేదంకుల్. అంతా క్లియర్."

"అంతేనా?"

"అంతే అంకుల్."

ఆయన ఇంకాసేపు అలాగే నిలబడి, తలుపు మెల్లగా వేశారు. అడుగుతానేమోనని ఆయన నిలబడ్డారు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర కారాపి ఫోన్లో ఫారం తెరిచాను. అంకె రాయాల్సిన గడి ఎర్రగా మెరుస్తోంది, నింపితే గానీ ముందుకు పోనివ్వదు. వెనక్కి వెళ్లి అడగొచ్చు, పావుగంట దూరం. గోంగూర డబ్బా పట్టుకుని ఏ మొహం పెట్టుకుని వెళ్లను? అందుకని నా తెలివి ఉపయోగించాను. బంపర్‌కి టేపు వేసుకునే మనుషులు. సోఫాకి కవరు కూడా తీయని మనుషులు. ఉన్నదాంతో తృప్తిపడేవాళ్లు, దేవుణ్ణి తప్ప ఎవర్నీ ఏమీ అడగనివాళ్లు. యాభై వేల డాలర్లిస్తే కళ్లకద్దుకుంటారు. యాభై వేలు అని కొట్టాను. కింద 'కుటుంబం అన్న మాటలు' అని ఇంకో గడి ఉంది. అందులో 'సంతృప్తిగా ఉన్నారు' అని రాశాను. ఆ పూట సంతృప్తిగా ఉన్నది నేనొక్కణ్ణే, కోడికూర మూడుసార్లు తిన్నాను.

సోమవారం డాన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"యాభయ్యా? అతన్ని తీసుకుందామనుకున్న ఆరో రౌండ్ స్థానానికి మన లెక్క ప్రకారం మూడు లక్షలుంది. ఆయనే అన్నాడా?"

నిజం చెప్పడానికి దేవుడు ఇంతకన్నా మంచి అవకాశం ఇవ్వడు.

"ఆయనే అన్నారు," అన్నాను.

"మన స్కౌట్ మూడుసార్లు వెళ్లి కాఫీ తాగొచ్చాడు. నువ్వేం చేశావ్?"

"కల్చర్," అన్నాను.

డాన్ నా భుజం తట్టాడు. ఆ వారమంతా ఆఫీసులో నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను. మీటింగుల్లో రెండుసార్లు 'కమ్యూనిటీ ఇన్‌సైట్' అనే మాట కూడా వాడాను.

డ్రాఫ్ట్ మొదటి రోజు డాన్ ఒక హైస్కూల్ కుర్రాణ్ణి తీసుకున్నాడు, క్యాచర్, అంటే విసిరిన బంతి పట్టేవాడు. ఆ కుర్రాడి తల్లిదండ్రులు చాలా ఎక్కువ అడిగారు. డాన్ వెనకాడలేదు. జోయెల్ దగ్గర మిగలబోయే రెండున్నర లక్షలూ తీసుకెళ్లి అక్కడ పెట్టేశాడు. మిగిలిన స్థానాలకి కూడా చివరి డాలరు దాకా మాట ఇచ్చేశాడు. షీట్ చూపించి "నీ వల్లే అయింది" అన్నాడు. సున్నాకి సున్నా సరిపోయిన షీట్ చూస్తే మాలాంటివాళ్లకి కడుపు నిండిపోతుంది.

రెండో రోజు మధ్యాహ్నం ఆరో రౌండ్‌లో మా వంతు దగ్గర పడింది. ఒక్కో క్లబ్బుకి నిమిషం టైము. డాన్ గోడ మీద జోయెల్ పేరున్న అట్టముక్క తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇంటికి ఫోన్ చెయ్యి. యాభైకి ఓకే అని ఒక్క మాట చెప్పించు. నేను పేరు పిలుస్తాను."

గోడ గడియారం అరవై నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నేను సామ్యేల్ గారికి ఫోన్ చేశాను. వెనకాల టీవీ వినిపిస్తోంది, చాలామంది మాటలు వినిపిస్తున్నాయి. చర్చి వాళ్లందర్నీ పిలిచి కూర్చోబెట్టారట.

"వందనాలు బాబూ. భోంచేశావా?"

"అయింది అంకుల్. అంకుల్, టైమ్ లేదు..."

"ఏం తిన్నావ్?"

"శాండ్‌విచ్ అంకుల్. అంకుల్, ఒక్క మాట..."

"శాండ్‌విచ్ ఏం సరిపోద్ది బాబూ. అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"తగ్గాయంకుల్."

"రెండూనా?"

"రెండూ అంకుల్."

"దేవునికి స్తోత్రం. గ్రేసూ, కిరణ్ బాబు వాళ్లమ్మగారికి తగ్గిందంట."

ఆ వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. గడియారం ఇరవై మీద ఉంది. డాన్ నన్నే చూస్తున్నాడు. నేను కళ్లు మూసుకుని అడిగేశాను.

"అంకుల్, జోయెల్‌కి ఫిఫ్టీ థౌజండ్ అనుకున్నాం. ఓకే కదా?"



"ఫిఫ్టీ ఎవరు అనుకున్నారు బాబూ?"

"అంటే... మేము."

"మేము ప్రార్థన చేసుకుని వన్ ట్వంటీ అనుకున్నాం బాబూ. రేపు చెయ్యి పాడైతే ఆపరేషన్‌కి, వెనక్కొస్తే చదువుకి. అంతకన్నా ఒక్క డాలరు వద్దు."

నూట ఇరవై వేలు. ఆ స్థానానికి మా దగ్గర ముందున్న దాంట్లో సగం కూడా కాదు. ముందే తెలిసి ఉంటే డాన్ ఎగిరి గంతేసి ఇచ్చేవాడు.

"మరి ముందే చెప్పలేదేంటంకుల్?"

"నువ్వు అడగలేదుగా నాయనా. నువ్వు అడక్కుండా డబ్బు మాట మేమెలా ఎత్తుతాం? కారు దగ్గర కూడా అడిగానే, ఇంకేమైనా మాట్లాడాలా అని."

గడియారం ఎనిమిది మీద ఉంది.

"అవునా, కాదా?" అన్నాడు డాన్.

"నూట ఇరవై అంటున్నారు."

"ఉన్నది యాభై."

నేను తల అడ్డంగా ఊపాను. డాన్ చేతిలో అట్టముక్క బల్ల మీద పెట్టి, పక్కనున్న ఇంకో అట్టముక్క తీసి, ఎవరిదో పేరు పిలిచాడు. నా చెవి దగ్గర ఫోన్ ఇంకా అలాగే ఉంది. అవతల టీవీలో మా క్లబ్బు పేరు వినిపించింది, ఆ వెంటనే ఇల్లంతా ఒక్కసారి కేక వేసింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

"మన పేరు కాదే బాబూ," అన్నారు సామ్యేల్ గారు.

"కాదంకుల్."

"సరే నాయనా. దేవుని చిత్తం. టైముకి భోంచెయ్యి."

ఆయన తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

డాన్ అరవలేదు. పక్క గదిలోకి పిలిచి అడిగాడు.

"యాభై అని ఎవరు చెప్పారు?"

నిజాయితీగా చెప్పాలంటే సోఫా చెప్పింది. ఆ మాట అనలేక, అడగలేదని ఒప్పుకున్నాను. అప్పుడు డాన్ అన్నాడు.

"అడగడానికి మొహమాటపడ్డావు, అది నాకు అర్థమవుతుంది. అడిగానని చెప్పావు చూడు, అది అర్థం కాదు. వెళ్లి ఆ పేరు మీద ఎర్ర గుర్తు పెట్టు."

ఎర్ర గుర్తంటే, ఈ ఇంటితో బేరం కుదరదు, మళ్లీ వెళ్లొద్దని. నా చేత్తోనే పెట్టాను.

కథ ఇక్కడ ఆగినా బాగుండేది. డ్రాఫ్ట్ అయిపోయాక పేరు రానివాళ్లని చిన్న చిన్న మొత్తాలకి తీసుకునే వీలు ఇంకా ఉంటుంది, ఆ డబ్బుకి ఈ హద్దు వర్తించదు. మర్నాడు ఉదయం డాన్ ఆ జాబితా చదువుతూ, జోయెల్ పేరు దగ్గర ఎర్ర గుర్తు చూసి దాటుకుంటూ పోయాడు. 'ఇంకోసారి అడిగి చూద్దాం' అని నేను అనాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఆ ఇంటి తరఫున నేనేం చెప్పినా ఆ గదిలో నమ్మే మనిషి లేడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. జోయెల్. ఫోన్‌ని కాగితాల కింద పెట్టాను. మళ్లీ మోగింది. మూడోసారి కూడా మోగింది. ఏం చెప్పను అతనికి? మీ ఇంటి సోఫా చూసి నీ ధర కట్టానని చెప్పనా? పిరికివాణ్ణి, ఎత్తలేదు. నాలుగోసారి మోగలేదు.

జోయెల్ మాట నిలబెట్టుకున్నాడు. గ్లవ్ పెట్టెలో పెట్టేశాడు. ఆ సీజన్ అయ్యాక క్లబ్బు నా కాంట్రాక్ట్ పొడిగించలేదు. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, సిక్స్‌టీ డేస్‌లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి, ఆ భయం తెలిసినవాళ్లకి తెలుసు. యాభై ఆరో రోజున షామ్‌బర్గ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాను. ఇప్పుడు నేను పడవల బీమా చూస్తాను.

ఆ తర్వాత ఆరేళ్లు నేను నేపర్‌విల్ వైపు పోలేదు. మా ఆవిడకి అక్కడి ఇండియన్ స్టోర్‌లో దొరికే సోనామసూరి తప్ప ఇంకో బియ్యం నచ్చదు. పెళ్లయిన కొత్తలో ఆ బియ్యంలో పురుగులుంటాయని ఒక అబద్ధం ఆడాను. మొన్న అక్టోబరులో ఆ అబద్ధం బయటపడి, నన్నే వెళ్లి తెమ్మంది. వెళ్లాను. బియ్యం బస్తాల వరుసలో వంగి ఉండగా వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"కిరణ్ బాబూ. ఎన్నాళ్లకి. వందనాలు."

బస్తాల మధ్య దాక్కునే చోటు లేదు. సామ్యేల్ గారి జుట్టు తెల్లబడింది, అంతే తేడా.

"అమ్మగారి మోకాళ్లు?"

"ఆపరేషన్ చేయించామంకుల్. రెండిటికీ."

"మంచిది. పద, ఇంటికి. జోయెల్ కూడా వచ్చాడు. ఆష్‌బర్న్‌లో ఉంటున్నాడు ఇప్పుడు, డేటా సెంటర్‌లో జాబ్. ఫార్మసీ నచ్చలేదంట, రెండేళ్లకే మానేశాడు."

వద్దనడానికి చాలా కారణాలు చెప్పాను. ఆయన నా బియ్యం బస్తా ఎత్తి తన బండిలో పెట్టుకున్నారు. బియ్యం ఎటు పోతే నేనూ అటే పోవాలి కదా.

ఈసారి ప్రార్థనలో నా ఉద్యోగం, నా భార్య, పుట్టబోయే బిడ్డ అందరూ వచ్చారు. చేపల పులుసు వడ్డించారు. ఎదురుగా జోయెల్ కూర్చున్నాడు. రేపు పాడైతే ఎలా అని సామ్యేల్ గారు భయపడిన ఆ మోచేయి ఈరోజుకీ నిక్షేపంగా ఉంది. అవతలి చివర ఉన్న పెద్ద గిన్నె ఒంటిచేత్తో అందుకుని నా ముందు పెట్టాడు. చేయి పళ్లెంలోనే పెట్టి, ఆరేళ్లుగా దాచిందంతా చెప్పేశాను. అడగకపోవడం, అంకె కల్పించడం, ఎర్ర గుర్తు, కాగితాల కింద ఫోన్, అన్నీ. సామ్యేల్ గారు తల వంచుకుని విన్నారు.

"తప్పు నాది కూడా బాబూ," అన్నారు. "నువ్వు అడగలేదని నేను పట్టుపట్టి కూర్చున్నా. ఆ రోజు నేనే చెప్పేసుంటే పోయేది."

"లేదంకుల్, అడగడం నా ఉద్యోగం. మిమ్మల్ని అడగాల్సింది."

జోయెల్ గరిటె గిన్నెలో పెట్టాడు.

"డాడీని ఎందుకు అంకుల్?" అన్నాడు. "నేను అక్కడే ఉన్నాను కదా. మీ ముందే కూర్చున్నా. ఐ వాజ్ ట్వంటీ వన్. సైన్ చెయ్యాల్సింది నేను. నన్ను ఎవరూ అడగలేదు."

నేను ఆ మధ్యాహ్నం గుర్తు చేసుకున్నాను. సోఫా చూశాను, మినీవ్యాన్ చూశాను, బంపర్ టేపు చూశాను. ధర కట్టడానికి ఇంట్లో ఉన్న సామానంతా చూశాను. మూడడుగుల దూరంలో మోచేతికి ఐస్ కట్టుకుని నా నోటి వంక చూస్తున్న మనిషిని చూడలేదు. పెద్దవాళ్లుండగా చిన్నవాణ్ణి అడగడమేమిటని నాకు తట్టనే లేదు.

"అడిగి ఉంటే ఎంత చెప్పేవాడివి జోయెల్?"

"బస్ టికెట్," అన్నాడు. "మీ ట్రైనింగ్ క్యాంప్ దాకా. అది చెప్పడానికే కాల్ చేశాను. త్రీ టైమ్స్."

"నాకు చెప్పొచ్చు కదరా," అన్నారు సామ్యేల్ గారు.

"మీరూ అడగలేదు డాడీ."

గ్రేస్ ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

అందువల్ల పాఠకులారా, కిరణ్ అనబడే నేను, పూర్తి స్పృహలో ఉండి, భార్య సాక్షిగా, బియ్యం బస్తా మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లోనైనా, ఎవరి సంగతి మాట్లాడ్డానికి వెళ్లానో ఆ మనిషి మొహం చూసి, ఆ మనిషినే అడిగేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టను. అడగనిదాన్ని అడిగానని చెప్పను. ఎవరు ఫోన్ చేసినా ఎత్తుతాను, అప్పులవాళ్లు చేసినా సరే.

ఆ ప్రమాణం అమల్లో పెట్టడం ఈ కథతోనే మొదలుపెట్టాను. నిన్న ఆష్‌బర్న్‌కి ఫోన్ చేసి, వాళ్ల నాన్నని అడక్కుండా, జోయెల్‌నే అడిగాను, నీ సంగతి రాసి అచ్చు వేయించుకోనా అని.

"రాయండి అంకుల్," అన్నాడు. "ఎంతిస్తారు?"